గ్లిసరాల్ చుక్క

ప్రయోగశాలలో అందరూ ఆమెను బొంగరం అంటారు. పైపెట్టు పట్టుకున్నంతసేపే ఆ చెయ్యి కుదురు. దాన్ని కింద పెట్టిందంటే కాలుకాలిన పిల్లే. స్టూలు మీద కూర్చుని టీ తాగగా చూసినవాళ్లు లేరు. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం మనిషిని కుదురుగా కూర్చోనిస్తుందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆమె పని ఫ్రీ రాడికల్స్ పుట్టించడం. టీవీలో ప్రకటనలు చూసి అత్తగారు హడలిపోయింది.

"అవి ఒంట్లో ఉంటే ముసలితనం తొందరగా వస్తుందటే! నువ్వు జీతం తీసుకుని మరీ తయారుచేస్తున్నావా?"

"మన ఒంట్లోనూ అవి పుడుతూనే ఉంటాయి అత్తయ్యా. చచ్చేలోపల దొరికినదాన్ని కొరుకుతాయి. నా ట్యూబులోవి గడప దాటేంతసేపు బతకవులే."

"ఏమో తల్లీ, చేతులు కడుక్కునే లోపలికి రా."

జంట లేని ఎలక్ట్రాన్‌తో పుట్టే ఈ కణాలకు ఆకలెక్కువ. ఎదురైన ప్రతిదాని దగ్గరా ఎలక్ట్రాన్‌ను లాక్కుంటాయి. ప్రోటీన్లను పాడుచేస్తాయి, డీఎన్‌ఏ పోగులను తెంపుతాయి. ఆ కొరుకుడునే ఆమె పనిలో పెడుతుంది. ఇనుప లవణం, విటమిన్ సి, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక్కో చుక్క కలిపితే చాలు, రాడికల్స్ పుట్టి ఒక పోగును ఇక్కడ, ఇంకో పోగును అక్కడ తెంపేస్తాయి. ప్రోటీన్ అతుక్కుని కూర్చున్నచోట మాత్రం వాటి పళ్లు దిగవు. ముక్కలను పొడవు వారీగా విడదీసి ఫిల్ము మీద చూస్తే నల్లని నిచ్చెన కనబడుతుంది. మెట్లు మాయమైన చోటే ప్రోటీన్ కూర్చున్న చోటు.

కొన్ని వారాలుగా ఆ నిచ్చెనే రావడం లేదు. పైన తెగని డీఎన్‌ఏ గీత ఒక్కటే, కిందంతా ఖాళీ. పెద్దసారు కారణం వెతికి వెతికి గాజుసామాను కడిగే పెద్దమ్మ దగ్గర ఆగాడు. సబ్బు సరిగా వదలడం లేదన్నాడు, ఆ సబ్బే రాడికల్స్‌ను మింగేస్తోందన్నాడు. కాంట్రాక్టరుకు ఫోను చేసి వేరే మనిషిని పంపమన్నాడు. పెద్దమ్మకు ఇవాళే ఆఖరు. ఫలితం వస్తే పేరు పై అంతస్తుకు ఎక్కుతుంది, చెడితే నింద మెట్లు దిగి సింకు దగ్గరికి వస్తుంది. ఇందులో వింతేమీ లేదు, ఎక్కడైనా అంతే. అలవాటైపోవడమే అసలు రోగం.

ఆ ఉదయం బొంగరం మళ్లీ ప్రోటీన్ తీస్తోంది. పైపెట్టు కొన నుంచి చుక్క రాలలేదు, తేనెలా వేలాడింది.

గ్లిసరాల్! ఫ్రీజర్‌లో గడ్డకట్టకుండా ప్రోటీన్‌తో కలిపి ఉంచేది అదే. రాడికల్స్‌ను మింగడంలో దానికి సాటి లేదు. ప్రయోగం చాలించాలంటే చివర్లో పోసేదీ దాన్నే. కిడ్నీ రోగులకు చేసినట్టు ప్రోటీన్‌కు ముందు డయాలిసిస్ చేసి దాన్ని వదిలించాలి. పెద్దసారు తొందరపెడుతున్నాడని, ఆగడం ఆమెకూ చేతకాదు కనుక, ఈ కొత్త ప్రోటీన్ వచ్చినప్పటినుంచీ ఆ పని ఎగ్గొట్టింది. పోలిక కోసం పెట్టే ప్రోటీన్ లేని ట్యూబులోనూ అదే గ్లిసరాల్ ద్రావకం పోసింది. అందుకే అన్నీ ఒక్కలాగే చెడ్డాయి.

ఆమె సింకు దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. వచ్చే నెల ఉద్యోగం పొడిగించాల్సింది పెద్దసారే. మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఏంటే నా చుట్టూ ఆ తిరుగుడు?" అంది పెద్దమ్మ ఫ్లాస్కు తోముతూ. "పొయ్యేదాన్ని చూసి పోదామనా? నాకు కళ్లు తిరుగుతున్నాయి, ఓ చోట ఉండు."

బొంగరం ఆ తడి చెయ్యి పట్టుకుని పెద్దసారు గదిలోకి లాక్కెళ్లింది.

"సబ్బు కాదు సార్. నేను డయాలిసిస్ చెయ్యలేదు. గ్లిసరాల్ ఉండిపోయింది."

ఆయన కళ్లజోడు తీశాడు. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావ్?"

"తొందరపడుతున్నాను సార్. మీరు తొందరన్నారు, నాకూ ఆగడం రాదు. ఇందులో పెద్దమ్మ తప్పేం లేదు."

"సర్లే, మళ్లీ చెయ్యి. ఈవిడ సంగతంటావా... చెప్పేశాను కదా. మాటిమాటికీ మారిస్తే బావుండదు."

"చెప్పడానికి ఒక్క ఫోను సరిపోయింది. దిద్దడానికీ అంతే సార్. ఇప్పుడే చెయ్యండి."

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఫోను తీశాడు. "ఆ మనిషినే ఉంచండి" అని పెట్టేశాడు. తర్వాత ఆమె వైపు చూడకుండా, "నీ పొడిగింపు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు.

బయటికి రాగానే పెద్దమ్మ చెయ్యి విదిలించుకుంది.

"ఇన్ని వారాలు అందరూ నా మీద పడి ఏడుస్తుంటే, ఆ జిగురు నీ కంట పడలేదా?"

"పడే ఉంటుంది పెద్దమ్మా. చూడలేదు."

"చూడలేదట! నా సబ్బేనేమోనని తోలు ఊడేదాకా తోమానే తల్లీ. చూడు." అరచేతులు చాపింది. వేళ్ల సందుల్లో ఎర్రగా చిట్లి ఉంది. "తొడుగులిమ్మంటే, కాంట్రాక్టు వాళ్లకు లెక్కలో లేవన్నారు."

బొంగరం ఆ చేతులను చూసింది. ఈసారి చూసింది.

"ఉండు" అని, అప్పుడే మూసుకుంటున్న పెద్దసారు తలుపును మళ్లీ తోసింది.