మామయ్య వాయించానన్న రికార్డు

ఏడో తరగతిలో నేను బడి మానేశానని చెప్పుకుంటాను గానీ, నిజానికి బడే నన్ను మానేసింది. ఆ సాయంత్రం మా లెక్కల మాస్టారు స్టాఫుకంతా టీ ఇప్పించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి నాకు గుంటూరు మిర్చి యార్డులో కాయ చూసే పని దొరికింది. బస్తా పైన కాయ ఎర్రగా నవనవలాడుతుంది. అడుక్కి చెయ్యి పోనిస్తే తెల్లబోయిన తాలుకాయలు తగులుతాయి. చదువు అబ్బలేదు గానీ అనుమానం మాత్రం బాగా అబ్బింది.

దాన్ని ఎక్కువగా మా మామగారి మీదే వాడాను. నల్లపాడులో మాతోనే ఉంటారాయన. పెళ్ళిళ్ళ బ్యాండుమేళంలో శాక్సఫోన్ వాయించేవారు. వయసులో ఉండగా ముగ్గురు స్నేహితులతో కలిసి, ఏ కంపెనీ అండా లేకుండా, సొంతంగా ఒక జాజ్ రికార్డు వేశామనేవారు. కాపీలన్నీ పంచేశారట. ఒక్కటీ మిగల్లేదట.

"అవున్లెండి మామయ్యా, సాక్ష్యం ఎప్పుడూ మిగలదు," అంటే మా ఆవిడ నా కాలు తొక్కేది. వాయించి చూపిద్దామంటే ఇప్పుడాయనకి పళ్ళు లేవు. ఇంట్లో అందరూ నమ్మినా, నేను నమ్మకపోవడమే ఆయనకి ముల్లులా ఉండేది.

మొన్న వాడరేవు నుంచి వస్తూ పాత సామాన్ల కొట్టు దగ్గర ఆగాను. ఫ్యాను రెక్కల కింద ఒక రికార్డు కనపడింది. అట్ట మీద కంపెనీ పేరు లేదు. నలుగురి ఫొటో ఉంది. శాక్సఫోన్ పట్టుకున్నవాడి మొహమే చెమ్మకి చెదిరిపోయింది. ఎంత అనుకూలంగా చెదిరిందో!

ఇంటికి తెచ్చిస్తే ఆయన అట్టని రెండు చేతులా పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. నేనాగుతానా?

"అట్ట మీ రికార్డుదే కావచ్చు మామయ్యా. లోపలి ప్లేటు ఎవరిదో?"

"వెనకవైపు రెండో పాట పెట్టు," అన్నారు. "మధ్యలో శాక్సఫోన్ ఆగి దగ్గు వినపడుతుంది. మేం రికార్డు చేసిన గది పక్కనే మిరపకాయల గోడౌను. ఆ ఘాటుకి నాకు ఊపిరాడలేదు. మళ్ళీ వాయించే స్తోమత లేక అలాగే వదిలేశాం."

మా వీధి మైకుసెట్టు అతని దగ్గర పాత రికార్డు ప్లేయరుంది. అక్కడికి తీసుకెళ్ళాం. అలవాటు కొద్దీ నేను ముల్లుని ప్లేటు చిట్టచివర పెట్టాను, అడుగు సరుకు చూద్దామని. బరబరమని ఉత్త గీకుడు.

"తాలే!" అన్నాను.

"ఇదేం బస్తా కాదు, జరగండి," అని అతను నా చెయ్యి నెట్టేసి రెండో పాట మీద ముల్లు దించాడు.

శాక్సఫోన్ నెమ్మదిగా మొదలైంది. ఎవరితోనో గొడవపడి, తర్వాత బుజ్జగిస్తున్నట్టుంది. నేను దగ్గు కోసం కాచుకుని కూర్చున్నాను. రాకపోతే బాగుండునని కూడా అనుకున్నాను, దాచడమెందుకు. శాక్సఫోన్ టక్కున ఆగింది. డ్రమ్ము ఒక్కటే నడుస్తోంది. రెండు పొడిదగ్గులు, చివర చిన్న మూలుగు. రోజూ తెల్లారి మా వరండాలో నేను వినే దగ్గే! శాక్సఫోన్ మళ్ళీ అందుకుంది. మామగారు కళ్ళజోడు తీసి తుడుస్తూనే ఉన్నారు.

బయటికొచ్చాక, పరువు దక్కించుకుందామని నేనే దబాయించాను.

"ఇంత బాగా వాయించేవారు, ఒక్కసారైనా నాకు వినిపించొచ్చుగా మామయ్యా?"

"వినిపించాను అల్లుడూ. నీ పెళ్ళి ఊరేగింపులో, మా అమ్మాయి కోసం బ్యాండువాళ్ళ మధ్య నిలబడి ఇదే అందుకున్నాను. జీపు మీంచి నువ్వే అరిచావు, ఆ ఏడుపు ఆపి డాన్సు పాట కొట్టండ్రా అని."