జడ మీద కిరీటం

నేను మొదటిసారి రాజు వేషం కట్టిన రోజు, రెండో పద్యం సగంలో ఉండగా కిరీటం జారి నా ముక్కు మీద కూర్చుంది. కళ్ళు మూసుకుపోయాయి. మంత్రి వేషంలో ఉన్న హైస్కూలు లెక్కల మాస్టారు ఎటువైపున్నారో తెలియలేదు. హార్మోనియం వినిపించే వైపు తిరిగి పద్యం పూర్తిచేశాను. జనం చప్పట్లు కొట్టారు గానీ, అవి నా రాగానికో, కిరీటానికో అప్పట్లో తేల్చుకోలేకపోయాను.

తొంభైల చివరి సంవత్సరాలవి. మార్టూరుకి కొద్ది దూరంలో, ఒక ఊళ్ళో ఉన్న ఆరోగ్య ఉపకేంద్రంలో నేను నర్సుని. రెండూళ్ళ గర్భిణులు, పసిపిల్లలు, టీకాలు, జ్వరాలు నా పని. మా ఆయన మార్టూరులో రాళ్ళకు పాలిష్ పట్టే యూనిట్‌లో మిషన్ మీద పనిచేసేవారు. ఇంటికొచ్చేసరికి కనుబొమల దాకా తెల్లటి రాతిపొడి ఉండేది. మా అత్తగారు సీజన్‌లో పొగాకును మంట వేడికి ఆరబెట్టే బేరన్ల దగ్గర పచ్చాకును పురికొసతో కర్రలకు అల్లే పనికి వెళ్ళేవారు. ఆ చుట్టుపక్కల ఆమె వేళ్ళంత వేగం ఎవరికీ లేదని అందరూ అనేవారు.

పద్యం నాకు మా నాన్న దగ్గర అబ్బింది. ఆయన జిన్నింగ్ మిల్లులో కాపలాదారు. పత్తి బోరాల మధ్య కూర్చుని గొంతెత్తితే మిల్లులో మిషన్ ఆపి మరీ వినేవాళ్ళు. నా గొంతు ఆయనదే. బరువైనది. మా నాటక సమాజంలో హార్మోనియం వాయించే మాస్టారు నాచేత రెండు రాణి వేషాలు వేయించి చూసి, "అమ్మా, నువ్వు పాడుతుంటే పక్కన రాజు పిల్లాడిలా వినపడుతున్నాడు. నువ్వే రాజువైపో" అన్నారు. అలా అయ్యాను.

చిక్కల్లా దుస్తులతోనే. అద్దెకిచ్చే వేషాలన్నీ ఆరడుగుల మగవాళ్ళ కొలతలు. వెల్వెట్ కోటు నాకు మోకాళ్ళ కింద దాకా వచ్చేది. చేతులు బయటికి కనపడాలంటే పిన్నీసులు పెట్టుకోవాలి. అంతకు ముందు ఊళ్ళో దాన్ని తొడుక్కున్న రాజుగారి చెమట వాసన ఇంకా అందులోనే ఉండేది. ముక్కు మీద కిరీటం కూర్చున్న ఆ మర్నాడు ఇంట్లో చెప్పేశాను, సొంతంగా ఒక సెట్టు చేయించుకుంటానని. కిరీటం, భుజకీర్తులు, హారాలు, వడ్డాణం, కోటు, పట్టు పంచె. మా ఇద్దరి జీతాలకి అది చిన్న ఖర్చు కాదు. గాజులు చేయించుకోవాలని కూడబెట్టుకున్నదంతా దానికే పోతుంది.

మా ఆయన పెద్దగా ఆలోచించలేదు. "గాజులైతే బీరువాలో ఉంటాయి. ఇదైతే పదిమందీ చూస్తారు. చేయించుకో" అన్నారు.

మా అత్తగారు మాత్రం చేటలో బియ్యం పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూశారు. "కోడళ్ళు గాజులు కావాలని అలగడం చూశా, గొలుసు కావాలని అలగడం చూశా. కిరీటం కావాలన్న కోడల్ని ఇప్పుడే చూస్తన్నా."

గాజుల డబ్బు ఒక్కటే చాలలేదు. మా ఆయన ఆదివారాలు యూనిట్‌లో మిగిలిపోయిన రాతి ముక్కలు తెచ్చుకుని, కొత్త ఇళ్ళవాళ్ళకు గుమ్మం పక్కన పెట్టుకునే పేర్లు చెక్కిపెట్టేవారు. నేను సెలవు పెట్టి ఒకరోజు మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్ళాను. ఆ ఘాటుకి దగ్గి దగ్గి రెండు రోజులు గొంతు పెగల్లేదు. మూడో రోజు నేను లేచేసరికి మా అత్తగారు తలకు గుడ్డ చుట్టుకుని, క్యారేజీ పట్టుకుని గుమ్మంలో ఉన్నారు.

"ఎక్కడికి అత్తయ్యా?"

"తొడిమలకి. నువ్వు ఆ మిరప ఘాటులో కూర్చుంటే మీ రాజు మూగోడైపోతాడు. నేను పోతా."

ఆ రాత్రి అన్నంలో ఆమెకిష్టమైన గోంగూర పచ్చడి ఎక్కువ పెట్టాను.

కిరీటం కోసం తెనాలి వెళ్ళాం. అక్కడ నాటకాల వాళ్ళకు ఆభరణాలు చేసే ఒక పెద్దాయన ఉన్నారు. అట్టను పొరలు పొరలుగా అంటించి, బంగారు రంగు రేకు కప్పి, అద్దపు బిళ్ళలు పొదిగేవారు. ఆయన టేపు తీసి మా ఆయన తల కొలవబోయారు.

"ఆయనకి కాదండి, నాకు" అన్నాను.

పెద్దాయన కళ్ళజోడు సరిచేసుకుని నా తల చుట్టూ తిరిగి చూశారు. "యాభై ఏళ్ళుగా కిరీటాలు చేస్తున్నానమ్మా. జడ ఉన్న రాజు ఎవరూ రాలేదు. జడ ఎక్కడ పెడతావు?"

"కత్తిరించుకోనండి."

"నేనెందుకు కత్తిరించమంటాను! చుట్టి ముడేసుకుని రా. ముడికి లోపల గది కడతాను."

నిజంగానే కట్టారు. బయటికి మామూలు కిరీటమే. లోపల వెనకవైపు నా జడ ముడి సరిగ్గా ఇమిడేంత గూడు. తలమీద పెట్టి ఊపి చూశాను. కదల్లేదు. ఆయన అద్దం చూపించారు గానీ, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగి ఏమీ కనపడలేదు.

కోటు కుట్టడానికి టౌన్‌లో టైలర్ చెప్పిన కూలి విని బయటికొచ్చేశాం. మా అత్తగారు అద్దె కోటు ఒకటి తెప్పించి, లోపలికి తిరగేసి, వాకిట్లో వెలుగులో కుట్లన్నీ చూశారు. "ఈ పూసలు గుచ్చడానికా అంత అడిగాడు! ఆకు అల్లే చేతికి పూస ఒక లెక్కా? వెల్వెట్ తెచ్చి ఇక్కడ పడెయ్యండి" అన్నారు.

ఆ వర్షాకాలమంతా ఆమె మధ్యాహ్నాలు దానితోనే గడిపారు. నా భుజాలు సన్నగా ఉన్నాయని, మా అన్నయ్య చేలోంచి వచ్చిన పత్తిని దూదిగా చేసి లోపల మెత్తలు కుట్టారు. రొమ్ము మీద జరీ తీగను నెమలిలా తిప్పారు. నచ్చకపోతే విప్పేసి మళ్ళీ తిప్పేవారు. నేను డ్యూటీ నుంచి వస్తే చాలు, నిలబెట్టి తొడిగి, "పద్యం పాడు. చెయ్యెత్తి పాడు. చంకలో లాగుతందా?" అని అడిగేవారు. పాడగా పాడగా నా పద్యాలన్నీ ఆమెకు వచ్చేశాయి. నేనెక్కడైనా తప్పితే పక్కింటికి వినపడేలా అందించేవారు.

ఆ తరవాత రెండు మూడేళ్ళు అన్నీ మా చుట్టుపక్కల ఊళ్ళలోనే ఆడాం. రెండు వేల సంవత్సరం దాటాక ఒక చలికాలంలో చీరాల నాటక పోటీలకు మా సమాజానికి పిలుపొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మా నాటకం. తీరా చూస్తే ఆ ఆదివారమే పిల్లలకు పోలియో చుక్కలు వేసే రోజు. నేను వెళ్ళి మా డాక్టరమ్మగారి ముందు నిలబడ్డాను.

ఆవిడ రిజిస్టర్‌లోంచి తల ఎత్తలేదు. "నాటకం మానమని నేననను. ఒక్క పిల్ల కూడా మిగలకుండా చుక్కలు వేసి వెళ్ళు. మిగిలితే మాత్రం నీ రాజ్యం సంగతి నాకు తెలియదు."

రంగు వేసుకుని వేషం కట్టాలంటే నాకు రెండు గంటలు పడుతుంది. చీరాల చేరాక అంత సమయం ఉండదు. అందుకని పొద్దున్నే ముగ్గురం సామానంతా బడి వరండాకి మోసుకెళ్ళాం. చుక్కల టేబుల్ అక్కడే. నేను బల్లమీద కూర్చుంటే మా ఆయన నాకు మీసం గీశారు. రాతిమీద అక్షరాలు గీసే చెయ్యి గనక వంపు ఒక్కసారికే కుదిరింది. అత్తగారు కోటు తొడిగి కిరీటం పెట్టారు. ఎనిమిదింటికి వరండాలో రాజు చుక్కల మందు సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మొదట వచ్చిన పిల్లాడు నన్ను చూసి నోరంతా తెరిచి గుక్కపట్టాడు. నోరు తెరిచే ఉంది కదా, రెండు చుక్కలూ వేసేశాను. ఆ కబురు ఊళ్ళో ఎలా పాకిందో! మామూలుగా ఇంటింటికీ తిరిగి బతిమాలితే గానీ రాని తల్లులు చంకలో పిల్లల్ని వేసుకుని వచ్చేశారు. ఏడ్చేవాళ్ళకు ఏడుస్తుండగా, నవ్వేవాళ్ళకు నవ్వుతుండగా వేశాను. నాలుగేళ్ళ పిల్ల ఒకతి రెండోసారి వచ్చింది. చిటికెన వేలికి సిరా గుర్తు చూసి, "ఇందాక వేయించుకున్నావుగా?" అన్నాను.

"అది రాజు వేశాడు. నర్సమ్మ వెయ్యలా" అంది.

ఒక ముసలమ్మైతే చేతులు జోడించి, "నాయనా, నా మోకాళ్ళ నొప్పులకేమన్నా ఉందా?" అని అడిగింది. రేపు సెంటర్‌కి రమ్మని చెప్పాను, మీసంతోనే.

పదకొండున్నరకి లిస్టులో ఇద్దరే మిగిలారు. వాళ్ళ అమ్మానాన్నలు పొద్దున్నే మిరప కోతకు వెళ్తూ వెంట తీసుకుపోయారట. మా ఆయన మోపెడ్ తీశారు. వెనక నేను, ఒళ్ళో మందు డబ్బా. కిరీటం గాలికి ఎగిరిపోకుండా ఒక చెయ్యి తలమీద. చేను గట్టున దిగి ఎర్రటి కాయల మధ్యలోకి నడుస్తుంటే కోతకొచ్చిన ఆడవాళ్ళంతా నడుములు నిటారు చేసి చూశారు. ఎవరో, "ఒసే, రాజుగారు కూలికొచ్చాడే!" అని అరిచారు. చేనంతా ఒకటే నవ్వు. అన్నా చెల్లెళ్ళిద్దరూ చెట్టుకింద గోనెపట్టా మీద కూర్చుని ఉన్నారు. చుక్కలు వేసి, లిస్టులో ఆఖరి గీత గీసి, గట్టెక్కి చూస్తే నా పట్టు పంచె అంచంతా మట్టి. దాన్ని చూసి బాధ పడాలని కూడా తోచలేదు.

ముగ్గురం బస్సులో చీరాల చేరేసరికి రెండున్నర. లెక్కల మాస్టారు అప్పటికే మంత్రి వేషంలో రోడ్డుమీదికొచ్చి నిలబడ్డారు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు.

ఆ రోజు నేను పాడినట్టు మళ్ళీ ఎప్పుడూ పాడలేదేమో. కోటు నాతోపాటు ఊపిరి పీల్చింది. చెయ్యెత్తితే భుజం వచ్చింది, తిరిగితే అంచు తిరిగింది. మూడో పద్యానికి హాలు వెనకనుంచి "వన్స్ మోర్!" అని కేక. పాడాను. మళ్ళీ "వన్స్ మోర్!" ఈసారి గొంతు గుర్తుపట్టాను. మా అత్తగారిది.

బహుమతుల దగ్గర న్యాయనిర్ణేతలు గుసగుసలాడుకున్నారు. చాలాసేపటికి ఒకాయన మైకు ముందుకొచ్చి, "ఈ అమ్మాయికి ఉత్తమ నటుడు ఇవ్వాలా, ఉత్తమ నటి ఇవ్వాలా అన్నది మాలో తెగడం లేదు" అన్నారు. జనం రెండు పక్షాలై అరిచారు. చివరికి ఉత్తమ నటుడనే ఇచ్చారు. ఆ వెంటనే ఆయన, "ఈ ఆహార్యం ఎవరిదమ్మా? ఏ కంపెనీ?" అని అడిగారు.

"మా అత్తగారండి" అన్నాను.

ఆమెను స్టేజీ మీదికి పిలిచారు. చెప్పులు కింద విడిచి, కొంగు నిండా కప్పుకుని వచ్చారు. శాలువా కప్పుతుంటే ఆమె ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియక నా కోటు మీద విడిపోయిన ఒక పూసను సరిచేస్తూ నిలబడ్డారు. మైకు ముందు పెడితే ఒక్క మాటే అన్నారు. "పంచె ఉతికి తేవాల్సింది."

ఆ ఏడాది నుంచి మా ఇంటికి రాజులు రావడం మొదలైంది. ఒకరు బ్యాంకులో గుమాస్తా, ఒకరు ఆటో తోలేవాడు, ఇంకొకరు ఎరువుల కొట్టాయన. అందరికీ ఏదో ఒక పని, అందరికీ ఈ పిచ్చి. అత్తగారు పొగాకు పనికి వెళ్ళడం మానేశారు. వాకిట్లో ఎప్పుడూ ఏదో ఒక వెల్వెట్ ఆరుతూ ఉండేది.

ఒకరోజు నేను టీకాల పని చూసుకుని వచ్చేసరికి వినుకొండ నుంచి ఒక భారీ మనిషి వచ్చి ఉన్నారు. అక్కడ పత్తి కమీషన్ వ్యాపారం ఆయనది, చక్రవర్తి వేషాలు కడతారట. టేపు నడుముకి తగలగానే ఊపిరి బిగబట్టారు.

"పొట్ట లోపలికి పీల్చమాకండి" అన్నారు అత్తగారు. "స్టేజీ మీద రాగం తీసేటప్పుడు బయటికొచ్చిద్దిగా, అప్పుడు నా కుట్టు పిగిలిద్ది. వదిలెయ్యండి."

ఆయన సిగ్గుపడి పూర్తిగా వదిలేశారు. టేపు చాల్లేదు.

"అమ్మాయ్, ఆ పురికొస ఇట్టా అందుకో" అన్నారు అత్తగారు. నేనొక కొస, ఆమె ఒక కొస పట్టుకుని చక్రవర్తిగారి చుట్టూ తిరిగాం. ముందు ఆయనే నవ్వారు.