కార్జం లేని కార్జం ముద్ద

మీల్ మేకర్ని వేడినీళ్లల్ల నానబెట్టి పిండినంక చెయ్యి వాసన ఎప్పుడన్న చూసిన్రా? చూడకున్రి. తడిసిన గోనెసంచి మీద కుక్క పండుకొని లేచిపోయినట్టుంటది. సబ్బు పెట్టి మూడుసార్లు కడిగిన, నిమ్మచెక్క రుద్దిన, పోలేదు. ఈస్టర్ ముందటి శనివారం, కోకాపేటల పందొమ్మిదో అంతస్తుల నా వంటింట్ల నిలబడి, కార్జం లేకుంట కార్జం ముద్ద చేస్తున్న ఆ సాయంత్రం.

అసలు ముద్ద సంగతి చెప్పాలె. మా అమ్మ మిషన్ దవాఖానల ఆయాగ చేసింది. అక్కడ బాలింతలకు రక్తం పట్టాలని మేక కార్జం, అదే లివర్, ఉడకబెట్టి, నూరి, డబల్ రొట్టె మీద పూసి పెట్టేటోళ్లట. అమ్మ దాన్ని ఇంటికి తెచ్చి తనది చేసుకున్నది. పసుపేసి ఉడకబెట్టుడు, ఉల్లిగడ్డలు ఎర్రగ వేయించుడు, మిర్యాలు, ఎల్లిగడ్డ, పిడికెడు కొత్తిమీర, అన్ని కలిపి రోట్ల నూరుడు, ఆఖరుకు చెంచెడు నెయ్యి. లెంటు, అంటే ఈస్టర్ ముందటి ఉపవాసాల నలభై రోజులు, మా ఇంట్ల ఎవ్వరం నీసు ముట్టం. ఈస్టర్ నాడు తెల్లారకముందే సమాధుల తోటకు పోయి, కొవ్వొత్తులు ముట్టించి, పాటలు పాడి ఇంటికొస్తే, అన్ని రోజుల తర్వాత నోట్లె పడే మొదటి మాంసం అదే. అమ్మ తన చేత్తోని అందరికి తినిపిస్తది. బాలానగర్ల మేము కిరాయికున్న రెండు రూముల ముంగట లేతు మిషన్ల షెడ్లుండె. నాయిన అండ్లనే పని చేసేటోడు. ఆ పొద్దు షెడ్డు వాచ్‌మన్ వచ్చినా, కింది ఇంటామె వచ్చినా, అమ్మ ఒక ముక్క చేతుల పెట్టకుంట పంపకపోతుండె.

నాయిన అంతకుముందు వానకాలంల చనిపోయిండు. అమ్మ ఒక్కతే అయింది. మోకాళ్లు పట్టేసి మెట్లెక్కుడు కష్టమైంది. నా తాన ఉండమ్మా అంటే "చూస్త" అంటది గని కదలదు. ఆఫీసుల మీటింగుల కూసున్నా నాకు అదే ఫికర్. లిఫ్టు ఉన్నది, ఎండొచ్చే బాల్కనీ ఉన్నది, ఇంకేం కావాలె ఈమెకు అని లోపల్లోపల గొణుక్కునేదాన్ని.

ఆ ఇల్లు నాకెట్ల దొరికిందో మాత్రం ఆమెకు చెప్పలేదు. ఓనరమ్మ అదే అంతస్తుల ఎదురింట్ల ఉంటది. కోస్తా దిక్కామె, మాట మెత్తన. "మీరు నాన్‌వెజ్ తింటారా అండి?" అని అడిగింది. అంతకుముందు నాలుగిండ్ల కాడ నిజం చెప్పి వాపసొచ్చిన. అందుకే ఈమె ముందర తినను ఆంటీ అన్న. అంతటితోని ఆగితే అయిపోతుండె. మా ఇంట్ల ఎవ్వరూ తినరు అన్న. తాతల నాటి నుంచి అంతే అన్న. మా అమ్మైతే గుడ్డు కూడ ముట్టదు అన్న. ఆమె అడగనే లేదు అమ్మ సంగతి. తలుసుకుంటే ఇప్పటికి నా నాలుకను గీకి పారేయాలనిపిస్తది.

అమ్మను తెచ్చెటందుకు అందుకే టైము చూసుకున్న. లెంటు మొదలయ్యే భస్మ బుధవారం నాడు తెచ్చిన. నలభై రోజులు ఆమె ఎట్లైనా ముట్టదు, నా అబద్ధం అబద్ధమని ఎవ్వరికి తెల్వదు. "ఈస్టర్ దాక ఉండి చూస్త. మంచిగనిపిస్తే బాలానగర్ రూములు ఖాళీ చేస్త" అన్నది అమ్మ. నా తెలివికి నేనే మురిసిపోయిన.

ఆ రోజులు మంచిగనే గడిచినయ్. అమ్మ, ఓనరమ్మ దోస్తులైన్రు. ఆమె మజ్జిగ పంపేది, ఈమె చింతచిగురు పప్పు పంపేది. బాల్కనీల కూసొని మోకాళ్ల నొప్పుల ముచ్చట పెట్టుకునేటోళ్లు. నాయిన పోయినంక అమ్మ మొకం మీద నవ్వు చూసుడు అదే మొదలు. ఇగ రూములు ఖాళీ అయినట్టే అనుకున్న. ఈస్టర్‌కు వారం ముందు, మట్టల ఆదివారం నాడు చర్చి నుంచి వస్తుంటే అమ్మ అడిగింది. "కార్జం ఇక్కడ యాడ దొరుకుతది బిడ్డా? ఖాజాగూడ దిక్కు కొట్టుంటదా?"

నోటికేదొస్తే అది అన్న. "నీకు కొలెస్ట్రాల్ ఉందన్నడు గదమ్మా డాక్టరు. ఈసారి నేను శాకాహారం ముద్ద చేస్త. ఫోన్ల చూసిన, అచ్చం అట్లనే ఉంటదట."

అమ్మ "చెయ్యి మరి" అన్నది.

చేసిన. ఫోన్ల వీడియోల ఒక పిల్ల నవ్వుకుంట చెప్తది. మీల్ మేకర్, ఉడకబెట్టిన మసూర్ పప్పు, అక్రోట్లు, రంగుకు బీట్‌రూటు, కార్జం చేదు రావాలని చిటికెడు కాఫీ పొడి. కాఫీ పొడంట, కార్జం ముద్దల. మా అమ్మ రోలు వింటే సిగ్గుతోని పగులుతది. మీల్ మేకర్ పిండుతుంటే బూడిద రంగు నురగ వేళ్ల సందుల నుంచి పొంగుకొచ్చింది. మిక్సీల తిప్పితే మూత సందుకెల్లి చింది నా మెడ మీద పడ్డది, వెచ్చగ. ఛీ అనుకుంట తుడుసుకున్న. బీట్‌రూటు నీళ్లు గట్టు మీదికెంచి కారి నా కాలేళ్ల మీద పడుతున్నయ్, చేతులు మోచేతుల దాక ఎర్రగైనయ్. ఒక్క మేకను కోయకుంటనే కసాయి దుకాణంల నిలవడ్డట్టైంది. గిన్నెలకు తీసినంక చూస్తే, కడుపు చెడిపోయిన పసిపిల్ల చెడ్డీల కనపడేది ఇదే కదా అనిపించింది.

చెంచతోని నాలుక మీద పెట్టుకున్న. ముందుగాల మట్టి, దాని వెనుక కాఫీ, ఆఖరుకు అక్రోటు వగరు. పండ్ల మధ్యల ఆ పలుకులు కరకరమన్నయ్. సింకుల ఉమ్మిన. మళ్ల మిర్యాలు దంచి వేసిన, ఎల్లిగడ్డ గుప్పెడు వేసిన, ఎర్రగ ఏగిన ఉల్లిగడ్డ, నెయ్యి వేసిన. అప్పుడు వాసన అమ్మ ముద్ద లెక్కనే వచ్చింది. అది ఇంకా అసహ్యం. ముక్కేమో బాలానగర్ వంటింట్లకు పోతది, నాలుకేమో బురదల దిగవడతది.

ఈస్టర్ పొద్దున సమాధుల తోటల నాయిన కాడ కొవ్వొత్తి ముట్టించి, ఏడ్చి, క్యాబుల వాపసొచ్చినం. అమ్మ తెల్లచీర మీదనే వంటింట్లకు పోయి పెంక మీద డబల్ రొట్టె కాల్చింది. ముద్ద పూసి నా నోట్లె పెట్టింది. నేను నమలకుంట మింగిన. తను ఒక కొస కొరికింది. మొకంల ఏం కనపడనియ్యలేదు. "మిర్యం మంచిగ పడ్డది" అన్నది. అంతే. నా తల్లి నాకోసం ఆ చెత్తను మింగుతుంటే చూసుకుంట కూసున్న.

అప్పుడే బెల్లు కొట్టిన చప్పుడైంది. ఓనరమ్మ మిఠాయి డబ్బా పట్టుకొని వచ్చింది. "హ్యాపీ ఈస్టర్ అండి" అంటుంటే, అమ్మ ఎప్పటి అలవాటు కొద్ది ఒక ముక్క మీద ముద్ద పూసి ఆమె చేతికందిచ్చింది. "తినమ్మా, మా పండుగది."

ఓనరమ్మ దాని దిక్కు చూసింది. ఎర్రగ, గోధుమ రంగుల, నెయ్యి కారుకుంట. వాసన గూడ తగిలినట్టుంది. ఒక అడుగు వెనక్కేసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది. "ఏంటండీ ఇది?"

అమ్మ చెయ్యి అట్లనే చాపి ఉన్నది. నాకు ఆ చెయ్యి కనపడలేదు, చెయ్యిజారిపోయే ఇల్లు కనపడ్డది. "వెజ్ ఆంటీ, మీల్ మేకర్" అన్న. ఆమె కొంగు తియ్యలేదు. ఉరికిన. చెత్తబుట్ట మూత తెరిచి చెయ్యి లోపటికి పెట్టిన. చాయ్ పత్తా, బీట్‌రూటు తొక్కలు, వాటి కింద మీల్ మేకర్ ప్యాకెట్టు. దాన్ని పండుగ చీరకు తుడిచి, దాని మీది ఆకుపచ్చ చుక్క ఆమెకు చూపెట్టిన. "చూడండి ఆంటీ, చూడండి" అని రెండుసార్లు అన్న. చేతుల మీదికెల్లి చాయ్ నీళ్లు కారుతున్నయ్.

ఆమె కండ్లద్దాలు సవరించుకొని చదివింది. నవ్వింది. అమ్మ చేతులకెంచి ముక్క తీసుకొని తిన్నది. "భలే ఉందండి, ఎలా చేశారో నాకూ చెప్పాలి" అన్నది. పోతపోత అమ్మ భుజం మీద చెయ్యేసింది. "ఒక్క క్షణం భయపడ్డానండి, ఏమనుకోకండి. మీ అమ్మాయి మొదటిరోజే చెప్పింది, మీరు గుడ్డు కూడా ముట్టరని. మీలాంటి వాళ్లు దొరకడం మా అదృష్టం."

తలుపు పడ్డది. నేను చేతులు కడుక్కున్న. అమ్మ కుర్చీల కూసొని, తను కొరికిన ముక్కను ప్లేటుల పెట్టింది.

"ఆమె మంచిదే" అన్నది. "నాకు కార్జం లేకున్నా ఏం గాదు. పప్పు తిని బతుకుత. గని బిడ్డా, ఇక్కడుంటే నేను గూడ గట్లనే చెప్పాల్నా? నేనెన్నడు తినలేదని, మీ నాయిన తినలేదని?"

వద్దు, ఈ ఇల్లే వద్దు, ఇద్దరం యాడికన్న పోదాం అనొచ్చు. అనెటందుకు నోరు తెరిచిన గూడ. గని ఆఫీసు దగ్గర, లిఫ్టు ఉన్నది, నాలుగిండ్లు తిరిగొచ్చిన.

"చెప్పాలె అమ్మా" అన్న.

అమ్మ తల ఊపింది. లేచి పోయి బ్యాగుల చీరలు పెట్టుకున్నది, "మధ్యాహ్నంకల్ల నన్ను బాలానగర్ల దింపు" అన్నది. దింపిన. మోకాలు పట్టుకొని ఒక్కొక్క మెట్టు ఎక్కుతుంటే కింద నిలబడి చూసిన.

ఆ తర్వాత రెండు ఈస్టర్లు అయిపోయినయ్. అమ్మ మళ్ల ఆ ఇంటికి రాలేదు. నేను ఖాళీ చెయ్యలేదు.