పుంటికూర కట్టలు, ఒక కుర్చీ

ఆదివారం పొద్దున్నే గేటు దగ్గర "అమ్మా, పుంటికూర!" అన్న కేక వినబడితే చాలు, మా కొత్తగూడ అపార్ట్‌మెంట్‌లో నేను చెప్పులు కూడా వేసుకోకుండా లిఫ్ట్ వైపు పరుగెత్తేదాన్ని. మా కోస్తా ఇంట్లో అది గోంగూర. ఆ కేక వేసే ఆవిడ పుణ్యమా అని మాకూ పుంటికూరే అయింది. కట్ట విప్పితే వేర్లకి ఇంకా తడిమట్టి అంటుకుని ఉండేది. ఇప్పుడు ఏ యాప్‌లో తెప్పించినా ఆ వాసన రాదు.

ఆవిడ మా కౌలుదారు. ముంబయి హైవే మీద మదీనాగూడ దాటి చాలా దూరం పోతే మాకో ఎకరం ఉంది. ఐటీ ఉద్యోగులందరికీ పట్టిన పిచ్చే మాకూ పట్టి, బోనస్ డబ్బుతో కొన్నాం. పట్టా పాసుపుస్తకంలో నా పేరు చూసుకుని మురిసిపోయాను గానీ, ఆ నేలలో ఒక్క గింజ వేసిన పాపాన పోలేదు. పండించిందంతా ఆవిడే. నేను "రండి, కూర్చోండి" అంటే పకపకా నవ్వేది.

"నన్ను అండీ గిండీ అంటవేందమ్మా, ఎవరన్న ఇంటే నవ్వుతరు."

లాక్‌డౌన్ వచ్చింది. మార్కెట్లు మూతపడి, పాలకూర, చుక్కకూర చేలోనే ముదిరి పాడైపోయాయి. ఆ రోజుల్లోనే రైతులకని ప్రభుత్వం ఇచ్చిన సాయం నా ఖాతాలో పడింది. పాసుపుస్తకం నాది కదా మరి. "ఏం రైతుగారూ, పంట బాగా పండిందా?" అని మావారు ఆటపట్టించారు. డైనింగ్ టేబుల్ దగ్గర రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చుని నా నడుము పడిపోతోంది. ఆ డబ్బుతో అదే రోజు మంచి ఆఫీసు కుర్చీ ఆర్డర్ చేశాను. సరిగ్గా సరిపోయింది.

కుర్చీ వచ్చిన వారానికి, లాక్‌డౌన్‌లో తిరగడానికి పాసున్న కూరగాయల బండి ఎక్కి ఆవిడ వచ్చింది. గేటు అవతలే నిలబడి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని అడిగింది.

"సర్కారు పైసలు పడ్డయా అమ్మా? జర చూసి చెప్పు. గవి ఇస్తే ఇత్తనాలు తెచ్చి మళ్ల ఏస్త. లేకుంటె ఇగ చేను ఇడిచిపెట్టుడే."

"ఇంకా పడలేదండి," అన్నాను.

జీతం రాగానే ఇచ్చేద్దామనుకున్నాను. ఆ నెల జీతంలో కోత పెట్టారు, పై నెల ఇంకేదో ఖర్చు. ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసింది, మూడోసారి చేయలేదు. చేను వదిలేసి, మా ఆఫీసు దారిలోనే ఒక టవర్‌లో హౌస్‌కీపింగ్ పనికి కుదిరిందని తర్వాత తెలిసింది. ఆ అబద్ధానికి నా మీద నాకు ఇప్పటికీ కోపమే. మా ఎకరంలో ఇప్పుడు గడ్డి తప్ప ఏమీ లేదు.

మొన్న ఆదివారం గేటు దగ్గర మళ్ళీ అదే కేక. ఈసారీ చెప్పులు వేసుకోలేదు. ప్రగతి నగర్‌లో కిరాయి గది ముందున్న కాస్త మట్టిలో పెంచిందట, రెండు కట్టలు తెచ్చింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. బలవంతాన పైకి తీసుకొచ్చాను. నేల మీద కూర్చోబోతుంటే చెయ్యి పట్టుకుని నా కుర్చీలో కూర్చోబెట్టాను. వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

"మస్తుగుందమ్మా. దినమంత గిసుంటి కుర్చీలే తుడుస్త, ఒక్కనాడు కూసోలే. ఎంతకు తెచ్చినవు?"

"గుర్తులేదండి," అన్నాను.