పెద్దమ్మ ఇచ్చిన తోడు

చిక్కపేటలో ఒక చీరల అంగడి పైన పెద్దమ్మ ఇల్లు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. పరిశోధన చేసే రోజుల్లో ఆ వంటింట్లోనే, ఆమె పక్కన పీట వేసుకుని చదువుకునేవాణ్ణి. కింద తోపుడుబండ్ల గోల, పైన పెద్దమ్మ ప్రశ్నలు. రెండింటికీ అంతు లేదు.

"దాంట్లో ఏముండాదప్పా, పొద్దస్తమానం చదువుతావు?" అందొకనాడు.

నాకు విసుగెక్కువ. అయినా చెప్పాను. మన ఒంట్లో ప్రతి కణంలోనూ పాడైన ప్రోటీన్లను ముక్కలు చేసే పెద్ద యంత్రం ఒకటి ఉంటుంది. దాని భాగాలు వాటంతట అవి సరిగ్గా అమరవు. చిన్న ప్రోటీన్లు కొన్ని వచ్చి, పట్టుకుని, దేని చోట దాన్ని కూర్చోబెడతాయి. వాటిని తోడు ప్రోటీన్లు అన్నాను.

"తోడా? పాలల్లో వేసేదేనా?"

పడీపడీ నవ్వాను. తోడంటే ఆమెకు పెరుగు గిన్నే. కాదు, మనిషికి మనిషి తోడున్నట్టు అన్నాను.

"పనైనంక ఆ తోడు యాడికి పోతాది?"

"చాలావరకు విడిపోతాయి. ఆఖరిదొకటి లోపలే చిక్కుకుంటుంది. యంత్రం తయారవగానే మొట్టమొదట దాన్నే తినేస్తుంది."

పెద్దమ్మ గరిట తిప్పడం ఆపేసింది. అప్పటికే నాకు ఊరి అవతల యలహంకలో ఉద్యోగం వచ్చింది, అక్కడే గది కూడా చూసుకున్నాను. నేను వెళ్లిపోతే ఇక తనతో నాకేం పనుంటుందని ఆమె బెంగ.

"అయితే నన్ను కూడా మింగేసి పోతావు," అంది. హాస్యానికే అంది గానీ, మొహం చిన్నబోయింది.  నేను పుస్తకంలో తల దూర్చాను.

బయల్దేరిన పొద్దున చిన్న స్టీలు డబ్బా చేతిలో పెట్టింది. అందులో కాస్త పెరుగు.

"తోడు. అంతా తినేయాకప్పా. రోంత మిగిలిస్తే రేపటికీ ఉంటాది."

పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ మెట్లెక్కే పని ఇప్పుడు నాకు లేదు, మెట్రోలో చిక్కపేట స్టేషను వచ్చినప్పుడల్లా మనసు మాత్రం అటే లాగుతుంది. మా ఇంట్లో పెరుగు ఇప్పటికీ ఆ డబ్బాలోని తోడుదే. ఊరెళ్లాల్సి వస్తే ఒక చెంచా పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో పెట్టి మరీ వెళ్తాను. చాదస్తమని మా ఆవిడ ఆటపట్టిస్తుంది.

నిన్న మధ్యాహ్నం గిన్నె అడుగున మిగిలింది కూడా తను నా కంచంలో వేయబోయింది. చెయ్యి అడ్డం పెట్టాను.

"రోంత ఉండనీ."

నిన్ను మింగలేదు పెద్దమ్మా. మిగిల్చే తింటున్నాను.