కృపారావు బిగించిన చలికోటు

బొబ్బిలి మార్కెట్ వీధిలో టైలరు కృపారావు పేరెత్తితే ఎవరైనా ఒకటే మాట అంటారు: మనిషి నసగాడు గాని చేతిలో పనుంది. ముప్పై ఏళ్లుగా అదే కొట్టు, అదే మిషను. పోలీసు యూనిఫారాలు, బడిపిల్లల నిక్కర్లు, చర్చికి వేసుకెళ్లే తెల్ల చొక్కాలు, పెళ్లికూతుళ్ల గౌన్లు, ఆయన కుట్టనిది లేదు. వదులు బట్ట కంటబడితే మాత్రం ఆయనకి ఒళ్లు మండిపోతుంది. ఆదివారం ఆరాధనలో ముందు వరసలో ఎవరి చొక్కా అయినా భుజం దిగి కనిపించిందా, ఇక పాస్టరు గారు చెప్పే వాక్యం ఆయన చెవికెక్కదు. "రెండు వేళ్లు లోపలికి పట్టితే ఎంత బాగున్ను" అని పక్కనున్న భార్య దేవమణి చెవిలో గొణుగుతాడు. ఆవిడ మోచేత్తో ఒక్కటిస్తుంది. అప్పటికి ఊరుకుంటాడు.

అలాంటి మనిషికి ఈ వేసవిలో తిండి సయించడం మానేసింది. కారణం ఒక్కగానొక్క కూతురు గ్లోరీ. విజయనగరంలో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతోంది. కాలేజీ ఎన్‌సీసీలో మంచి పేరు తెచ్చుకుని హిమాలయాల్లో కొండలెక్కే శిబిరానికి ఎంపికైంది. పద్నాలుగు వేల అడుగుల ఎత్తుకి వెళ్లాలట. మే నెలాఖరున రైలు. ఇక్కడ చూస్తే నిలబడినచోటే చెమటలు కారిపోతున్నాయి, అక్కడేమో సీసాలో నీళ్లు గడ్డకట్టేస్తాయని కాలేజీ వాళ్లిచ్చిన కాగితంలో రాసి ఉంది.

చర్చి సంఘమంతా సంబరపడింది. కృపారావు కూడా లేచి నిలబడి, "మా పిల్ల సేమంగా ఎల్లి రావాలని ప్రార్థన సెయ్యండి" అని అడిగాడు. నోటితో అడిగింది అది. కళ్లు మూసుకున్నాక లోపల అడిగింది వేరు. ప్రభువా, ఏదో ఒక అడ్డం పెట్టు, ఈ ప్రయాణం తప్పించు, అని అడిగాడు. తండ్రన్నవాడు పైకి ఒకటీ లోపల ఒకటీ అడగొచ్చా అంటే, ఆడపిల్లని మంచుకొండకి పంపే తండ్రిని అడగండి, ఆయనే చెబుతాడు.

ఆయన భయం ఉత్త భయమూ కాదు. అన్న ఎజ్రా సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. రెండు శీతాకాలాలు మంచుకొండల మీద కాపలా కాసి, ఎడమకాలి వేళ్లు రెండు పోగొట్టుకుని దిగాడు. ధైర్యం చెబుతాడేమోనని కృపారావు వెళ్లి అడిగితే ఆ మహానుభావుడు చెప్పిన ధైర్యం ఇదీ:

"ఒరే కృపా, సలంటే వొణుకు కాదురా. వొణుకున్నంతసేపూ మనిషి బాగున్నట్టే. వొణుకు ఆగిపోయినప్పుడు బయపడాల. కోటు మంచిది కొను. మిగతావన్నీ తరవాత."

ఆ మాటతో ఉన్న కాస్త నిద్రా పోయింది.

తండ్రీ కూతుళ్లు విజయనగరం వెళ్లారు. కొండలెక్కేవాళ్ల సామాన్లమ్మే కొట్టు ఒకటి గ్లోరీ కనిపెట్టి ఉంచింది. కొట్టు గిరిబాబుది. ఆయన చలికోట్లు తీసి బల్ల మీద పరిచాడు. కృపారావు ఒక్కోటీ తిరగేసి కుట్లు చూశాడు, చంకల కింద పీకి చూశాడు, జిప్పు పదిసార్లు లాగాడు, జిప్పు వెనకాల గాలి రాకుండా గుడ్డపట్టీ ఉందో లేదో వేలు పెట్టి మరీ చూశాడు. గ్లోరీ తల దించుకుంది సిగ్గుతో. ఆ పిల్లకి నచ్చింది ఈకల కోటు. ముదురు ఆకుపచ్చ రంగు, అడ్డంగా గొట్టాల్లాంటి అరలు, అరల నిండా మెత్తటి బాతు ఈకలు.

"ఇదేటిది, ఊదితే ఎగిరిపోయీలాగున్నాది. దీన్లో ఏటి సలి ఆగుతాది?" అన్నాడు కృపారావు.

గిరిబాబు నవ్వి కోటుని నొక్కి నొక్కి చిన్న సంచిలో కూరాడు. మళ్లీ తీసి దులిపితే బుస్సున పొంగింది. "సూసారా? ఈకలు పొంగితే వాటి మజ్జిన గాలి నిలబడిపోద్ది. ఆ గాలే వెచ్చదనం. అందుకే ఒక సైజు పెద్దది తీసుకోవాల. లోపల రెండు స్వెట్టర్లు పట్టాల, ఈక పొంగడానికి సోటుండాల" అన్నాడు.

కృపారావు తలైతే ఊపాడు గాని, ఆ మాట చెవిదాకా వచ్చి ఆగిపోయింది. ముప్పై ఏళ్లుగా బట్ట ఒంటికి అంటాలని నమ్మినవాడికి వదులుగా ఉంటే వెచ్చన అని చెబితే ఎలా ఎక్కుతుంది? అయినా ఆ పెద్ద సైజు కోటే కొన్నారు.

ఇంటికొచ్చి గ్లోరీ వేసుకుని చూపించింది. చేతులు పిడికిళ్ల మీదికి దిగాయి, నడుం దగ్గర మరొకరు దూరేంత ఖాళీ. ఆ ఉక్కలో రెండు నిమిషాలకే పిల్ల మొహం ఎర్రబడింది. "ఎలగున్నాది నాన్నా?" అని గిర్రున తిరిగింది. కృపారావుకి కోటు కనపడలేదు. నడుం కింది ఖాళీలోంచి లోపలికి దూరే మంచుగాలి కనపడింది. వణుకు ఆగిపోయిన పిల్ల కనపడింది.

"నడుం కాడ పట్టాల" అన్నాడు.

"వొద్దు నాన్నా. ఆయన సెప్పినాడు కదా" అంది గ్లోరీ.

"ఆయన అమ్మీవోడు. నేను కుట్టీవోణ్ని."

"కొత్త కోటు మీద మీ పెత్తనం ఏటి? ఒగ్గియ్యండి" అంది దేవమణి. అక్కడితో ఆ మాట తెగింది.

రైలు ఇంకా మూడు రోజులుందనగా గ్లోరీ కాలేజీ పని మీద పొద్దున్నే విజయనగరం వెళ్లింది. కృపారావు కోటు చంకలో పెట్టుకుని కొట్టుకి వెళ్లాడు. ఊరికే చూద్దామని తీసుకెళ్లానని తరవాత దేవమణికి చెప్పాడు. చూడ్డానికైతే మిషను కింద పెట్టక్కర్లేదు. చంక నుంచి నడుం దాకా రెండు పక్కలా రెండేసి వేళ్లు పట్టి గట్టి కుట్టు వేశాడు. పని చేస్తున్నంతసేపూ గుండె దడ తగ్గింది. నెల రోజుల్లో ఆయనకి ఊపిరి సాఫీగా ఆడింది ఆ అరగంటే. కుట్టు అయ్యాక లోపలికి మిగిలిన గుడ్డ ఉబ్బెత్తుగా అనిపించింది. ఎప్పుడూ చేసినట్టే కత్తెర తీసుకుని మిగులు కత్తిరించేశాడు.

అంతే! అరలన్నీ తెగి నోళ్లు తెరుచుకున్నాయి. పైన ఫ్యాను మాంచి జోరుగా తిరుగుతోంది. ఈకలు లేచాయి. మిషను మీద, గోడనున్న క్యాలెండరు మీద, కుట్టడానికిచ్చిన పోలీసు చొక్కాల మీద, ఎక్కడ పడితే అక్కడ తెల్లగా వాలిపోయాయి. కృపారావు ఒక చేత్తో కోటు నొక్కుతూ ఇంకో చేత్తో స్విచ్చి కోసం తడుముకున్నాడు. నొక్కేకొద్దీ రెండో పక్కనుంచి పొంగుతున్నాయి. రవికల కోసం వచ్చిన లక్ష్మణమ్మ గుమ్మంలో నిలబడిపోయి, "ఏటిది కృపారావూ, కోళ్లు గాని పీకతన్నావా?" అంది.

ఆయన నవ్వలేదు. రవికలు ఆమె చేతిలో పెట్టి పంపేసి, తలుపు దగ్గరగా వేసి, ఈకల మధ్య స్టూలు మీద కూలబడ్డాడు. కోటు చచ్చింది. దాన్ని ఇక ఏ టైలరూ బతికించలేడు, బొబ్బిలిలో ఈ పెద్ద టైలరుతో సహా.

అప్పుడు ఆయన మనసులో మొదట లేచిన మాట: అమ్మయ్య, ఇంక వెళ్లదు.

ఆ మాట తనదే. తన గొంతుతోనే వినపడింది. దాంతో కృపారావుకి ఒళ్లంతా చెమట పట్టింది. ముప్పై ఏళ్లలో సుద్దతో గీత గీయకుండా, రెండుసార్లు ఆలోచించకుండా కొత్త గుడ్డకి కత్తెర పెట్టిన రోజు ఉందా? లేదు. మరి ఇవాళ ఎందుకు పెట్టాడు? బిడ్డకి చలి తగలకూడదనా, బిడ్డ కదలకూడదనా? ప్రార్థన చేసుకుందామని కళ్లు మూసుకున్నాడు. ఏమని అడుగుతాడు? అడ్డం పెట్టమని అడిగింది తనే.

సాయంత్రం బస్సు దిగి గ్లోరీ ఇంటికొచ్చేసరికి కోటు మంచం మీద ఉంది. పక్కనే దేవమణి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. కృపారావు జుట్టులో ఇంకా రెండు ఈకలున్నాయి.

"నడుం పట్టినాను. కత్తిరించీసినాను. పాడైపోనాది" అన్నాడు ఒక్క గుక్కలో.

గ్లోరీ కోటు ఎత్తి చూసింది. తెగిన అరల్లోకి వేలు పెట్టింది. "నాన్నా, కావాలనే సేసినావా?"

లేదని చెబితే ఆ పిల్ల నమ్మేది. దేవమణి కూడా లేదని చెప్పమన్నట్టు చూసింది.

"తెల్దమ్మా. సెయ్యి మాత్రం కావాలని సెయ్యనేదు. మనసు సంగతి నాకే తెల్దు. నువ్వెల్లకపోతే బాగున్నని నెల్లాళ్లై ప్రార్థన సేస్తన్నాను. అందరికాడా ఒకలాగ, ప్రభువు కాడ ఒకలాగ."

గ్లోరీ అరుస్తుందనుకున్నాడు. అరిచినా బాగుండేది. ఆ పిల్ల మంచం పట్టె మీద కూర్చుని, మోకాళ్లు దగ్గరికి లాక్కుంది.

"నాకూ బయ్యంగానే ఉన్నాది" అంది. "పెదనాన్న కాలు సిన్నప్పట్నించీ సూస్తన్నాను కదా. రాత్రులు అదే కల. నీకు సెప్తే ఎల్లనివ్వవని సెప్పనేదు. అమ్మకి సెప్తే నీకు సెప్పీస్తాదని అమ్మకీ సెప్పనేదు. ఈ కోటేసుకుంటే కొంచెం ధైర్నంగా ఉండీది నాన్నా."

కృపారావు వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. బిడ్డ కూడా తనలాగే ఒక్కర్తీ నెల్లాళ్లు ఇది మోసింది. ఒకే ఇంట్లో, ఒకే గోడకి అటూ ఇటూ.

"ఎల్లాలనే ఉన్నాదా?" అని అడిగాడు. ఇన్నాళ్లలో ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"ఉన్నాది. బయమేసినా ఉన్నాది."

తెల్లారి మొదటి బస్సుకి ఇద్దరూ మళ్లీ విజయనగరం వెళ్లారు. సంగతి విని గిరిబాబు నాలిక కరుచుకున్నాడు. ఈకల కోట్లు అయిపోయాయి. దూదిలాంటి పీచు నింపిన కోటు ఒకటి మిగిలింది. "బరువు కొంచెం ఎక్కువేనండి. కానైతే తడిసినా వెచ్చగుంటాది. అక్కడ మంచూ వానా కలిసే కురుస్తాయి" అన్నాడు. కృపారావు ఈసారి కుట్లు పీకి చూడలేదు. పిల్ల చేత రెండు స్వెట్టర్లు తొడిగించి, వాటి మీద కోటు వేయించి, చేతులు పైకెత్తమన్నాడు, వంగమన్నాడు, గొంతుకూర్చోమన్నాడు, గ్లౌజులు వేసుకుని జిప్పు లాగమన్నాడు. "ఎక్కడైనా పట్టేస్తన్నాదా? నువ్వే సెప్పు" అని నాలుగుసార్లు అడిగాడు. లేదని గ్లోరీ నాలుగుసార్లూ చెప్పింది. కోటు ఆమె మీద బస్తాలా వేలాడుతోంది. కృపారావు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, అదే ఇమ్మన్నాడు.

రైలు రోజున విజయనగరం స్టేషనులో రైలు గంటన్నర ఆలస్యం. తోటి పిల్లలందరూ ఫోటోలు దిగుతున్నారు. దేవమణి పులిహోర పొట్లాలు పంచుతోంది. తండ్రీ కూతుళ్లిద్దరూ కొంచెం ఎడంగా బల్ల మీద కూర్చున్నారు.

"అక్కడ బయమేస్తే నీకు ఫోన్ సేస్తాను" అంది గ్లోరీ. "కానైతే పైన సిగ్నల్ ఉండదంట."

"మరైతే ఇప్పుడే సెప్పీసుకుందాం" అన్నాడు కృపారావు. "ముందు నువ్వు."

గ్లోరీ వేళ్లు మడుస్తూ చెప్పింది. ఊపిరాడదేమో. కాలు జారుతుందేమో. అందరికన్నా వెనకబడి నవ్వులపాలవుతానేమో. ఏడుపొస్తే ఎవరైనా చూస్తారేమో. నాలుగింటితో ఆమెవి అయిపోయాయి. తేలిగ్గా ఉందని నవ్వింది కూడా.

"ఇంక నీవి" అంది.

కృపారావు మొదలుపెట్టాడు. చలి దగ్గర మొదలుపెట్టి, బూట్ల మీదుగా, గుడారం తాళ్ల మీదుగా, రైల్లో పై బెర్తు గొలుసుల దాకా వచ్చాడు. గ్లోరీ ఒక్కటీ కొట్టిపారేయకుండా వింది, దేనికి జవాబుంటే దానికి చెప్పింది. రైలు వచ్చి ఆగేసరికి ఆయనవి సగం కూడా కాలేదు. పెట్టె పైకి అందించి, కిటికీ ఊచ పట్టుకుని, రైలు కదిలేదాకా మిగతావి చెబుతూనే ఉన్నాడు.