ఇస్త్రీ నోట్లు

పాత జర్మనీ నోట్లకు వెల కట్టే ఆ ముసలాయన, కడుక్కున్న చేతులు పూర్తిగా ఆరితే గానీ నోటు ముట్టుకోడు. అంచు పట్టుకుని, కిటికీ వెలుగుకు ఎత్తి, పసిబిడ్డను చూసినంత మురిపెంగా చూస్తాడు. ఒకరోజు ఓ టీచరమ్మ వాళ్ల నాన్న దాచిన నోట్లు తెచ్చింది.

"మడతలు పోయేలా ఇస్త్రీ చేశాను బాబాయిగారూ."

ఇస్త్రీ తగిలితే నోటు విలువ సగానికి సగం పడిపోతుంది. ఆ మాట పైకి అనలేదు.

"ఇంకేమైనా ఉన్నాయా అమ్మా?"

"ఒకటుంది. బాగా నలిగిపోయిందని సిగ్గేసి సంచిలోనే ఉంచేశాను."

ఆమె తీసి ఇచ్చిన ఆ నోటు, చిల్లర కరువైన రోజుల్లో జర్మనీలో ఏదో చిన్న ఊరు తనకోసం అచ్చేసుకున్నది. ఆయన ఇన్నేళ్లలో అలాంటిది ఇంకొకటి చూడలేదు.

"నేనిచ్చే ధర దీనికి చాలదమ్మా. వేలానికి పంపు."

"అయితే ఇస్త్రీ చేసి పంపనా?"

ముసలాయన చటుక్కున నోటును వీపు వెనక దాచుకున్నాడు.